ముడి తగలని వల

పోయిన నెల మా అక్క కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి నేనూ నా భార్యా ధర్మవరం పోయాం. చీరల బేరంలో నాకు పెద్ద పనేమీ ఉండదు. ఒక మూల స్టూలు మీద కూర్చుని టీ తాగడం, అడిగినప్పుడు బాగుందనడం, అంతే. ఆ రోజూ అదే చేస్తున్నాను. ఇంతలో అంగడాయన నేరేడుపండు రంగు చీర ఒకటి తీసి పరిచి, చటుక్కున దాన్ని తిరగేసి వెనకపక్క చూపించాడు.

"చెయ్యి పెట్టి చూడమ్మా. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్క ముడి తగిలిందంటే చీర ఊరకనే తీసుకోనిపో" అన్నాడు.

నా భార్య అరచెయ్యి పెట్టి నెమ్మదిగా జరిపింది. ఒక్కటీ తగల్లేదు. నేను మాత్రం ఇంక అక్కడ కూర్చోలేకపోయాను. గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చేసి చెప్పుల దగ్గర నిలబడ్డాను. కళ్ళల్లో నీళ్ళు వస్తే దుమ్ము పడిందని బొంకే వయసు కాదు నాది. అయినా నా భార్య వచ్చి అడిగితే అదే చెప్పాను.

ముడి తగలని నేత నేసిన మనిషిని ఒకాయన్ని నేనెరుగుదును. పోయిన ఎండాకాలం చనిపోయాడు. ఆయన పేరు రాయను. రాస్తే ఊళ్ళో అందరూ గుర్తుపడతారు, ఆయన భార్య ఇంకా ఆ ఊళ్ళోనే ఉంది. పైగా ఇది ఆయన గురించి ఎంతో, నేను చేసిన పాడుపని గురించీ అంతే.

నేను బెళుగుప్ప దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఒకరోజు తొమ్మిదో తరగతిలో పాఠం నడుస్తుండగా వాకిట్లో ఎవరో నిలబడ్డారు. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ పైకి మడిచిన పంచె, ముందుకు వంగిన వీపు. చేతిలో గిజిగాడి గూడు ఉంది. ఎవరి తండ్రో, ఏ హాజరు సంగతో అడగడానికి వచ్చాడనుకున్నాను. ఆయన లోపలికి వచ్చి గూడును నా టేబుల్ మీద పెట్టి, దాన్ని బోర్లించాడు.

"ఏమప్పా సారూ, దీని ఎనకపక్క చూడు. పడుగుండాది, పేకుండాది. నాకు ఈ పని నేర్చుకునేకి పన్నెండేండ్లు పట్టింది. మా నాయన కర్ర పట్టుకోని కొట్టి కొట్టి నేర్పిచ్చినాడు. దీన్ని ఎవురు కొట్టినారు?"

పిల్లలు గొల్లున నవ్వారు. నాకు కోపం వచ్చింది. పాఠం మధ్యలో వచ్చి మాస్టర్నే ప్రశ్నలడిగితే ఎవరికి రాదు? సాయంత్రం రమ్మని పంపేశాను. రాడనుకున్నాను. బడి విడిచే గంట కొట్టేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

ధర్మవరంలో నలభై ఏళ్ళు గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసిన మనిషి. మర మగ్గాలు వచ్చి చేతి పని ఆగిపోయాక భార్య పుట్టిన ఈ ఊరికి వచ్చి, ఆమె వంతుకు వచ్చిన పొలంలో చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాడు. మగ్గం దిగినా మగ్గం ఆయన్ని వదల్లేదు. ఎక్కడ కూర్చున్నా ఆయన కాళ్ళు ఊరికే ఉండేవి కావు. మెట్టు మీదైనా, గట్టు మీదైనా మగ్గం తొక్కుతున్నట్లు ఒక పాదం కిందికి, ఒక పాదం పైకి ఆడుతూనే ఉండేవి. మొదట్లో అది చూసి నాకు చిరాకేసేది. తర్వాత తర్వాత ఆ కాళ్ళు ఆగితేనే భయం వేసేది.

ఇంకో అలవాటు, దేన్ని చూసినా తిరగేసి చూడడం. ఆకు కోస్తే వెనక్కి తిప్పేవాడు. చెదపుట్ట పెళ్ళ రాలితే దాన్నీ తిప్పేవాడు. మొదటిరోజే నా చొక్కా కాలరు పట్టుకుని వెనక్కి మడిచి కుట్టు చూసి "అగ్గువ పని" అని వదిలేశాడు. "ముందరపక్క అందురూ బాగానే చేస్తారు సారూ, జనాలు చూస్తారని. ఎవురూ చూడని పక్క ఎట్ల చేసినాడో చూడల్ల. పెద్దాయప్ప ఎనకపక్క గూడా మోసం చేయడు." దేవుణ్ణి ఆయన పెద్దాయప్ప అనేవాడు. గుడికి పోవడం నేను చూడలేదు. ఆయన మొక్కులూ గొడవలూ అన్నీ ఆకులతో, పురుగులతో, గూళ్ళతోనే.

ఆయన్ని వదిలించుకుందామని ఒకరోజు ఫోన్లో ఒక వీడియో చూపించాను. అదే నేను చేసిన మొదటి పొరపాటు. విదేశాల్లో ఒక రైలు ముక్కును పిట్ట ముక్కు చూసి మలిచారని, చెప్పులకూ సంచులకూ వేసే కరుచుకునే పట్టీని గుడ్డలకంటుకునే కాయ చూసి చేశారని, చెదపుట్టలో గాలి తిరిగే తీరు చూసి చల్లగా ఉండే మేడలు కడుతున్నారని చెప్పాను. తన ఊరివాడికి బహుమతి వచ్చినంత సంబరపడిపోయాడు. రెండోరోజు వచ్చి అడిగాడు.

"సారూ, మీ బడిలో కాపీ కొడితే ఏం చేస్తారు?"

"బయటికి పంపిస్తాం."

"మరి ఈళ్ళకు బహుమానాలు ఇస్తాండారే! చూసి రాసినోని పేరు ఉండాది. ఒరిజినల్ రాసినాయప్ప పేరు యాడా ఎయ్యలేదే!"

నేను పదో తరగతికి జీవపరిణామం చెప్పే మనిషిని. ఊరుకుంటానా? లక్షల ఏళ్ళుగా గూడు సరిగా కట్టని పిట్టల గుడ్లు కిందపడి పోయాయని, బాగా కట్టినవాటి పిల్లలు మిగిలాయని, దీంట్లో ఎవరూ ఎవరికీ నేర్పింది లేదని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. కాళ్ళు ఆడుతున్నాయి.

"అంటే సచ్చేటోళ్ళు సస్తాంటే మిగిలినోళ్ళతో నడస్తాండాది అంటావు."

"దాదాపు అంతే."

"మా పెద్దాయప్ప అట్లాంటోడు కాదులే సారూ" అని లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ మరుసటి రోజు హాజరు.

రెండేళ్ళు ఇలాగే గడిచాయి. నిజం చెప్పాలంటే నాకూ ఆయన రాకపోతే సాయంత్రం తోచేది కాదు. ఆదివారాలు నేనే ఆయన తోట దాకా నడిచేవాణ్ణి. నూట పది చీనీ చెట్లు. చుట్టూ ఎర్రమట్టి, దూరంగా గాలిమరలు. ఆయన భార్యకు మాటలు తక్కువ. నేను పోతే మజ్జిగ ఇచ్చి, "మీ అన్న ఆడుండాడు, ఏదో పురుగు కాడ" అని చెయ్యి చూపి తన పని తను చూసుకునేది. ఆయన్ని నేను అన్నా అనేవాణ్ణి, ఆమెను వదినా అనేవాణ్ణి.

చెట్లు కాపుకొచ్చే ఏడు వాన మొహం చాటేసింది. మొదటి రెండు బోర్లూ అంతకుముందే పోయాయి. మూడోది శ్రావణంలో గాలి తప్ప ఇంకేమీ తోడలేదు. కొన్నాళ్ళు ట్యాంకరుతో తోలించాడు. తర్వాత ట్యాంకరు నింపే బోరే ఎండిపోయింది. చీనీ ఆకులు అంచుల నుంచి లోపలికి ముడుచుకోసాగాయి. దసరా నాటికి తోటలోకి పోతే కాళ్ళ కింద ఆకు చప్పుడు. ఏడేళ్ళు బిడ్డల్లా చూసుకున్న చెట్లు. వాళ్ళకు పిల్లలు లేరు. ఈ చెట్లు పోతే ఆ ఇద్దరికీ ఆ ఊళ్ళో ఉండడానికి ఇంకో కారణం లేదు, పోవడానికి ఇంకో చోటూ లేదు.

కార్తీకంలో ఒక శనివారం మధ్యాహ్నం ఆయన బడికి వచ్చాడు. కళ్ళు లోతుకు పోయాయి. "సారూ, నీళ్ళ కత ఏమన్నా ఉండాదా నీ ఫోన్లో? నీళ్ళు లేని తావున బతికే పురుగో పుట్రో. పెద్దాయప్ప వాన ఇయ్యలేదు సరే, వాన లేకుండా బతికే ఇగురం యాడో ఒగచోట రాసిపెట్టే ఉంటాడు. అది చదివి చెప్పు" అన్నాడు.

వెతికాను. సాలీడు గురించి ఒక ఇంగ్లీషు వ్యాసం దొరికింది. దాని దారం గాలిలోని తేమను చుక్కలు చుక్కలుగా పట్టుకుంటుందనీ, అది చూసి మనుషులు కూడా అలాంటి దారం చేశారనీ అందులో ఉంది. నా పక్కన దిద్దాల్సిన పరీక్ష పేపర్ల కట్ట ఉంది. మొదటి రెండు పేరాలు గబగబా తెలుగులో చెప్పాను. మూడో పేరాలో నాకే అర్థం కాని మాటలు ఐదారు తగిలాయి. ఆయన ముందు నాకు తెలియదనడం ఇష్టం లేకపోయింది. రెండేళ్ళుగా ఆయనతో సైన్సు వాదించిన మాస్టర్ని కదా!

"ఇంగేముండాది సారూ దాంట్లో?"

"మిగతాదంతా లెక్కలన్నా. మనకు పనికొచ్చేది అయిపోయింది."

"దారం ఎంత సన్నగా ఉండల్ల?"

"ఎంత సన్నగా ఉంటే అంత మంచిది" అన్నాను. ఆ ముక్క వ్యాసంలో లేదు. నేనే అన్నాను.

సన్న దారమంటే ఆయన దగ్గర ఒకటే ఉంది. నలభై ఏళ్ళలో ఎవరెవరి పెళ్ళిళ్ళకో నేశాడు కానీ భార్యకు ఒక్క పట్టుచీర నేయలేదు. ఎప్పటికైనా ఒకటి నేయాలని నెమలికంఠం రంగు పట్టు ఒక చీరకు సరిపడా ట్రంకుపెట్టెలో దాచి ఉంచాడు. అది అడగడానికి ఆయనకు నోరు రాలేదు. పొయ్యి దగ్గరికి పోయి రెండుసార్లు తిరిగొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. ఆమే పెట్టె తెరిచి మూట తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"చీర కట్టుకోని ఎండిపోయిన చెట్ల కాడ నిలబడల్లనా నేను? తీసుకో."

పశువుల కొట్టంలో గుంత తవ్వి పాత మగ్గం మళ్ళీ నిలబెట్టాడు. నెల రోజులు ఆ కొట్టంలోంచి బయటికి రాలేదు. ఒక్క చీరకు సరిపోయే పట్టును పలచగా పరిచి, కంటికి కనపడీ కనపడనట్లు వలలు నేశాడు. ఎనిమిది వలలు. దారం తెగినప్పుడల్లా రెండు కొసలనూ బూడిద అద్దిన వేళ్ళ మధ్య మెలిపెట్టి అతికేవాడు, ముడి వేసేవాడు కాదు. మొదటి వల మగ్గం మీద నుంచి దించిన రోజు నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టించాడు.

"నిమురు. తగిలిందా?"

"తగల్లేదన్నా."

"ముడి తగిలిందంటే నేసినోడు సచ్చినట్లే సారూ" అన్నాడు. ఆ నెలలో నవ్వింది అప్పుడొక్కసారే.

మార్గశిరంలో మంచు పడసాగింది. పాత డ్రిప్ పైపులు కోసి చట్రాలు కట్టి ఎనిమిది చెట్ల పక్కన ఒక్కో వల బిగించాడు. కింద చుక్కలు జారి చెట్టు మొదట్లోకి పోయేటట్లు సగానికి చీల్చిన పైపు. నేను తెల్లవారకముందే పోయాను. చలికి పళ్ళు టకటకమంటున్నాయి. ఆ ఎర్ర పొలంలో, ఎండిన చెట్ల నడుమ నెమలికంఠం రంగు వలలు చూడడానికి ఎంత బాగున్నాయో చెప్పలేను. కానీ పైపులో చుక్క లేదు. వలను ముట్టుకుంటే చెయ్యి తడయింది, అంతే. తడి దారానికి దారానికి పాకి వల అంతా చెమ్మగిల్లింది గానీ ఎక్కడా చుక్క కట్టలేదు. ఎండ పొడిచిన కాసేపటికి అదీ ఆరిపోయింది.

పక్కనే కంచె మీద సాలెగూడు నిండా చుక్కలు.

ఆయన దాని ముందు గొంతుకూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. కాళ్ళు ఆడలేదు. చివరికి "పెద్దాయప్ప తప్పు చేయడు సారూ. నేనే యాడో తప్పు చదివినా" అన్నాడు.

చదివింది ఆయన కాదు, నేను. ఆ రోజు ఇంటికి పోయి ఫోను తీసి ఇంకోసారి చదివుంటే సరిపోయేది. చదవలేదు. ఒకసారి చదివింది మళ్ళీ చదవనక్కర్లేదని మాస్టర్లకు ఒక జబ్బు. పైగా మనసులో లెక్క వేసుకున్నాను, మంచు నీళ్ళు ఎన్ని వస్తాయి, చెంబెడు వస్తే గొప్ప, దాంతో నూట పది చెట్లు బతుకుతాయా అని. ఆ మాట ముందే చెప్పాను కూడా. "చెట్టు కాసేకి కాదు సారూ, సావకుండా ఉండేకి చెంబెడు చాలు. ఎనిమిది బతికితే వాటితోనే మళ్ళా మొదలుపెడతా" అన్నాడాయన.

ఆ తర్వాత నలభై రోజులు నేను చూడలేకపోయాను. వలలను తూర్పుకు తిప్పాడు, పడమరకు తిప్పాడు. ఎత్తుకు కట్టాడు, వంచి కట్టాడు. రెండు వలలు విప్పి ఇంకా పలచగా నేశాడు. బడికి రావడం మానేశాడు. ఒకరోజు నేను పోయేసరికి ఆమె వాకిట్లో నిలబడి ఉంది. మజ్జిగ లేదు. "పోయి చూడు సారూ. మీ అన్న సాలీడుతో కొట్లాడతాండాడు" అంది.

నిజంగానే కొట్లాడుతున్నాడు. కంచె దగ్గర నిలబడి గూటి మీద వేలు చూపిస్తూ అరుస్తున్నాడు. "నువ్వు చేసినట్లే చేసినా గదరా! నీకంటే సన్నంగా చేసినా! ఇంగేం తప్పు చేసినా చెప్పు! పెద్దాయప్పా, ఈ గోరంత పురుక్కి చెప్పినావు, నాకు చెప్పేకి నీకేమొచ్చింది?" నన్ను చూసి ఆగాడు. సిగ్గుపడలేదు. దగ్గరికొచ్చి నా రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"సారూ, ఒక మాట చెప్పు. సచ్చేటివి సస్తాయి, మిగిలేటివి మిగుల్తాయి అంటివి. నేను, నా చెట్లు, మీ వదినె, మేం సచ్చే లెక్కలో ఉండామా? నీ సైన్సే నిజమైతే చెప్పేయి. పొయ్యి పండుకుంటా."

రెండేళ్ళు ఆయనతో వాదించి గెలవాలని చూశాను. ఆ క్షణంలో ఓడిపోతే బాగుండుననిపించింది. "అట్లేం లేదన్నా" అన్నాను. ఎంత చేతకాని జవాబో నాకే తెలుసు.

పుష్యమాసం చివర్లో ఒక ఉదయం ప్రార్థన కాకముందే బడికి వచ్చాడు. కొమ్మ చీలికకు సాలెగూటి ముక్క చెదరకుండా అంటించి, గాలి తగలకుండా చేతులు అడ్డం పెట్టుకుని తోట నుంచి నడిచి వచ్చాడు. "ఆ గొట్టంలో పెట్టి చూపిచ్చు" అన్నాడు. మైక్రోస్కోపు తీసి దుమ్ము తుడిచి, ఆ దారాన్ని దాని కింద పెట్టి, నోటితో ఆవిరి ఊది, సరిచేసి ఇచ్చాను. ఆయన ఒక కన్ను మూసి వంగాడు. ఊపిరి పీల్చడం మానేశాడేమో అనిపించింది. ఉన్నట్టుండి టేబుల్ అదిరేటట్లు చరిచాడు.

"ముడులు! సారూ, ముడులుండాయి! చుక్క చుక్క కిందా ముడి! పెద్దాయప్ప దారానికి ముడులు పెట్టినాడు!"

నేనూ చూశాను. దారం మీద కొంచెం కొంచెం దూరంలో సన్నటి బుడిపెలు. నీళ్ళు వాటి దగ్గరికే జరిగి చుక్క కడుతున్నాయి. చూస్తుండగానే ముడికి ఇంగ్లీషు మాట ఒకటి నా బుర్రలో మెదిలింది. మూడో పేరా. లెక్కలని చెప్పి వదిలేసిన పేరా. అందులో ఆ మాట ఉంది, నేను దాన్ని చదివాను, దాని అర్థం కూడా నాకు తెలుసు. చుట్టూ ఉన్న పెద్ద మాటలకు జడిసి దాన్నీ వాటితో పాటు పారేశాను.

ఆయన నా వైపు తిరిగాడు. ముఖం వెలిగిపోతోంది. "నలభై ఏండ్లు నేను దాచిపెట్టిందాన్నే ఆయప్ప పనిముట్టు చేసుకున్నాడు. నాకు తట్టలే చూడు! ముడి తగలకూడదు, ముడి తగలకూడదు అని నేస్తి." ఆగి అడిగాడు. "సారూ, ఈ సంగతి ఆ ఫోన్లో ఎవురన్నా రాసినారా?"

నిజం చెప్పడానికి అదే సమయం. రెండు నెలలు పోయాయి, మంచు కాలం అయిపోవస్తోంది, చెట్లు సగానికి పైగా పోయాయి. ఇప్పుడు చెప్తే ఈయన ముఖం ఏమైపోతుందో అనుకున్నాను. నా ముఖం ఏమైపోతుందో అని కూడా అనుకున్నాను. ఏది ముందు అనుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేకున్నాను.

"లేదన్నా" అన్నాను.

"అయితే నాకే చెప్పినాడు" అన్నాడాయన. కూర్చుండిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "అరిచినందుకు చెప్పినాడు సారూ. నా మాట ఇన్నాడు."

ఆ రోజు నుంచి భార్యాభర్తలిద్దరూ వలలకు ముడులు వేయడం మొదలుపెట్టారు. చూపు ఆనని కళ్ళు, మొరటు తేలిన వేళ్ళు, వెంట్రుకంత దారం. జానెడు జాగాలో ముడులు వేయడానికి పూట పట్టేది. జీవితమంతా ముడి కనపడకుండా బతికిన మనిషి, ఒక్కో ముడి వేసి దాన్ని వేలితో నిమిరి తృప్తిపడేవాడు. మాఘం వచ్చేసరికి ఒకే ఒక్క వల, అదీ సగం దాకా అయింది. ఆ సగం వలను తోటలో ఇంటికి దగ్గరగా ఉన్న చెట్టుకు కట్టారు.

ఒక తెల్లవారుజామున నన్ను పిలిపించాడు. ముడులున్న సగం నిండా చుక్కలు. ముడుల్లేని సగం ఉత్త తడి. చుక్కలు పెద్దవై, ఒకదాంట్లో ఒకటి కలిసి, జారి పైపులో పడుతున్నాయి. కింద పెట్టిన చెంబు ముప్పాతిక వంతు నిండింది. ఆయన దాన్ని రెండు చేతులతో ఎత్తి చెట్టు మొదట్లో పోశాడు. మట్టి ఒక్క గుక్కలో తాగేసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. అదే మొదలు, అదే ఆఖరు. మరో రెండు రోజులకు వేడిగాలి తిరిగింది. మంచు మళ్ళీ పడలేదు.

"వచ్చే మార్గశిరానికి ఎనిమిదీ కడతా" అన్నాడు. చెట్లను అప్పటిదాకా నిలబెట్టాలని మోపెడ్డుకు రెండు ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో నీళ్ళు తెచ్చేవాడు. ఎండల్లో ఒక మధ్యాహ్నం దారిలో పడిపోయాడు. నేను అప్పుడు సెలవులకు పామిడిలో మా ఇంట్లో ఉన్నాను. తెలిసి వచ్చేసరికి ఆయన పోయి మూడో రోజు. వదిన నన్ను చూసి, "మంచంలో గూడా కాళ్ళు ఆడిచ్చినాడు సారూ, తెల్లారేదాకా" అంది. నేను తలవంచుకుని కూర్చుని తిరిగొచ్చేశాను. చెప్పాల్సింది అప్పుడూ చెప్పలేదు.

ధర్మవరం నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె దగ్గరికి పోయాను. ఇంకా దాచుకుని ఉండలేననిపించింది. తోటలో చెట్లు లేవు, మొదళ్ళు ఉన్నాయి. ఆమె కూలికి బయల్దేరబోతూ సద్దిమూట కట్టుకుంటోంది. నన్ను చూసి ఆగి, గడప మీద కూర్చుంది. నేను ఎదురుగా నేల మీద కూర్చుని ఒక్క ముక్కా దాచకుండా చెప్పాను. ఫోన్లో ఉందని, చదివానని, లెక్కలని చెప్పి దాటేశానని, తర్వాత ఆయన అడిగితే లేదని బొంకానని.

ఆమె అరవలేదు. సద్దిమూట పక్కన పెట్టి "చదువు" అంది.

"ఏంది వదినా?"

"ఆ పొద్దు ఇడిసిపెట్టిందే, అది చదువు. తెలుగులో."

ఫోను తీసి వెతికి చదివాను. ఈసారి తెలియని మాట వచ్చినప్పుడల్లా తెలియదని చెప్పాను. దారం మీద చిన్న చిన్న ముడులుంటాయని, నీటి చుక్కలు వాటి దగ్గరికి జరుగుతాయని, ముడి లేని నున్నటి దారం మీద చుక్క నిలవదని. నాలుగు వాక్యాలు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

"ఇంతేనా?"

"ఇంతే వదినా."

ఆమె లేచి లోపలికి పోయి ట్రంకుపెట్టెలోంచి వల తెచ్చింది. చీర మడత పెట్టినట్లు మడతపెట్టి ఉంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముడులున్న సగం మీద బొటనవేలు జరిపింది. అవి ఆమె వేసినవీ, ఆయన వేసినవీ.

"పొయ్యేటప్పుడు మీ అన్న ఏమన్నాడో తెలుసునా సారూ? చెట్లు పోతే పోయినాయిలే, పెద్దాయప్ప నాతో మాట్లాడినాడు గదా అన్నాడు. నవ్వుతా అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకోనే ఉండా ఇన్ని దినాలు. చెట్టు లేదు, మనిషి లేడు, దేవుడు ఆయప్ప మాట ఇన్నాడంట గదా, అని పొద్దున లేస్తాండా, కూలికి పోతాండా."

వేలు ముడులు దాటి నున్నటి సగం మీదికి పోయి ఆగింది.

"ఇంగ నేను దేన్ని పట్టుకోని ఉండల్ల సారూ?"

నా చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పి జేబులో పెట్టుకున్నాను. ఆమె వలను మడిచి పెట్టెలో పెట్టి, సద్దిమూట తీసుకుని, తలుపు దగ్గరికి వేసి పనికి పోయింది.